పదకొండు స్క్రూలు

మెగావాట్ మావయ్య కోతలు మొదలుపెట్టే ముందు టీ గ్లాసుని బల్ల మీద మూడుసార్లు తడతాడు. ఆ మధ్యాహ్నం ఆ చప్పుడు వినబడేసరికి టైము మూడూ పది. వాన అప్పుడే వెలిసింది. టీకొట్టు రేకుల అంచు నుంచి నీళ్లింకా కారుతూనే ఉన్నాయి.

కొట్టుకి ఆనుకునే సైకిల్ మెకానిక్ షాపు. అక్కడ పార్సిల్ పిల్ల ఎలక్ట్రిక్ సైకిలు తలకిందులుగా ఉంది. ముందు చక్రం ఊడదీసి గోడకి ఆనించారు. రోజుకి నలభై రెండు ఇళ్లకి పార్సిళ్లు చేరేస్తుంది కాబట్టి ఆ వీధిలో అందరూ ఆ అమ్మాయిని అలాగే పిలుస్తారు. ఆ పిల్లకి లెక్కపెట్టడం ఒక అలవాటు. మెట్లు కనబడితే మెట్లు, కిటికీలు కనబడితే కిటికీలు. ఏదీ లేకపోతే రేకుల మీంచి కారే చుక్కలు.

సైకిలు ఇక్కడుంది గానీ దాని బ్యాటరీ ఇంట్లో ఉంది. పన్నెండూ నలభైకి చార్జింగుకి పెట్టి వచ్చింది. రెండో అంతస్తులో ఒకటే గది, ఒకటే తలుపు, ఆ తలుపు పక్కనే ప్లగ్గు. గదిలో చెల్లెలు నిద్రపోతోంది. బ్రెడ్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చి, చెవుల్లో దూది పెట్టుకుని, ఫోను ఆపేసి పడుకుందంటే సాయంత్రం అయిదు దాకా నెత్తిన డప్పు వాయించినా లేవదు.

ఆ బ్యాటరీ మెగావాట్ మావయ్య దగ్గర కొన్నదే. ఆమె పాతది చచ్చిపోతే, "నా దగ్గర వజ్రం లాంటిది ఉంది కోడలా" అని మొన్న ఆదివారం చార్జరుతో సహా ఇచ్చాడు. అందులో ఉన్న చార్జితో రెండు రోజులు నడిపింది. పూర్తిగా చార్జి పెట్టడం మాత్రం ఇవాళే మొదలు.

"బ్రేకులకి సంతకం పెడతా, టైర్లకి పెడతా. బ్యాటరీకి మాత్రం చూడకుండా ఎలా పెట్టను చెల్లెమ్మా?" అంటున్నాడు మెకానిక్. రేపు పార్సిల్ ఆఫీసులో బళ్ల తనిఖీ. బండి భద్రంగా ఉందని మెకానిక్ సంతకం చేసిన కాగితం లేకపోతే లోపలికి రానివ్వరు.

"ఫోటో ఉందన్నా. ఇదిగో, స్టిక్కర్ కూడా ఉంది." ఫోను చూపించింది. నల్ల డబ్బా, దాని మీద గుండ్రంగా వెండిరంగు ముద్ర.

మెకానిక్ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "స్టిక్కర్‌దేముంది, జిగురుంటే ఎవరైనా అంటిస్తారు. దీని మీది నెంబరూ డబ్బా మీద అచ్చు కొట్టిన నెంబరూ ఒకటే అవ్వాలి. చార్జరు దాని జతదే అవ్వాలి. బ్యాటరీ, చార్జరు, మోటారు మూడింటినీ కలిపి పరీక్ష చేసి ఇస్తారు సర్టిఫికెట్. ఒకదానిది తీసి ఇంకోదానికి పెడితే చెల్లదు. మధ్యలో ఎవరైనా విప్పితే అస్సలు చెల్లదు. ఇదిగో, ఈ మూల చూడు, కొంచెం లేచినట్టుంది."

అప్పుడు తట్టాడు మావయ్య గ్లాసుని.

"ఎవరి ముందయ్యా సర్టిఫికెట్ల గురించి చెబుతున్నావు? ఆ బ్యాటరీకి పరీక్ష జరిగింది నా కళ్లముందు! నేనే తీసుకెళ్లాను. పెద్ద గొప్పేం కాదులే, సంచీలో వేసుకుని, భుజాన తగిలించుకుని, ఓ పది కిలోమీటర్లు నడిచాను, అంతే. పరీక్షలు చేసే ల్యాబు ఉంది కదా, ఊరి బయట, ఆ గేటు దగ్గర కాపలావాడు ఎవరు కావాలి అన్నాడు. ఎవరూ వద్దు నాయనా, ఈ బ్యాటరీని మీ ఇష్టమొచ్చినట్టు హింసించి, బతికితే ఒక ముద్ర కొట్టండి, చస్తే నాకు కబురు చెయ్యండి అన్నాను. వాడు నా ముఖం చూశాడు, సంచీ చూశాడు, గేటు తీశాడు."

"నీ ముఖం చూసి గేటు తీశాడా? మూసుంటాడు" అంది టీకొట్టు పెద్దమ్మ, గ్లాసులు కడుగుతూ.

"నవ్వు పెద్దమ్మా, నవ్వు. లోపల తెల్లకోట్ల ఇంజనీర్లు పది మంది. మొదటి పరీక్ష ఏంటంటే, మీటరు ఎత్తు నుంచి పడేస్తారు. పడేశారు. ఏం కాలేదు. నేను ఊరుకోవచ్చు కదా? నా నోరు ఊరుకోదే! బాబూ, మీటరు ఎత్తు నుంచి మా ఇంటి పిల్లి కూడా దూకుతుంది, దానికి మీరేమన్నా సర్టిఫికెట్ ఇచ్చారా అన్నాను. వాళ్లకి రోషమొచ్చింది. మొదటి అంతస్తు నుంచి పడేశారు, ఏం కాలేదు. అయిదో అంతస్తుకెళ్లారు, ఏం కాలేదు. లిఫ్టెక్కి పదో అంతస్తుకెళ్లి, పది మందీ పట్టుకుని ఊపి ఊపి విసిరారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేల నెర్రెలిచ్చింది! సిమెంటు నేల! బ్యాటరీకి గీత పడితే ఒట్టు."

"పాపం, నేలని ఎవరు బాగుచేయించారు?"

"నేలకి సర్టిఫికెట్ లేదు పెద్దమ్మా, అందుకే పగిలింది."

పార్సిల్ పిల్ల కూడా నవ్వింది. చక్రం బిగించడానికి ఇంకో ఇరవై నిమిషాలు పడుతుందన్నాడు మెకానిక్. ఈలోగా ఈ వినోదానికి టిక్కెట్టు కూడా అక్కర్లేదు. బల్ల చివర కూర్చుని టీ చేతిలోకి తీసుకుంది.

"నవ్వకు కోడలా, నీ బ్యాటరీ కథే ఇది. ఆ తర్వాత కుదుపు పరీక్ష. గతుకుల రోడ్డు మీద వెళ్తే ఎలా ఉంటుందో అలా కుదిపే యంత్రం. అందులో బిగించి మీట నొక్కారు. గంట కుదిపింది. పది గంటలు కుదిపింది. నేను అక్కడే కుర్చీలో కూర్చుని కునుకు తీసి, లేచి, ముఖం కడుక్కుని, టీ తాగి, మళ్లీ కునుకు తీశా. వంద గంటలు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? యంత్రం నట్లు ఊడి దొర్లుకుంటూ నా కాళ్ల దగ్గరికొచ్చాయి. బ్యాటరీ మాత్రం అలాగే కూర్చుంది, పెళ్లిపీటల మీద పెళ్లికొడుకులాగ."

"వంద గంటలంటే నాలుగు రోజులా నాలుగు గంటలు. అత్తయ్య వెతకలేదా మావయ్యా?" అంది పార్సిల్ పిల్ల.

"మీ అత్తయ్య ఆ నాలుగు రోజులూ హాయిగా నిద్రపోయింది. అది వేరే కథ. ఇక్కడే వచ్చింది అసలు సంగతి. నీళ్ల పరీక్ష." మావయ్య ఒక గుక్క టీ తాగాడు. గొంతు కొంచెం తగ్గింది. "నీళ్లంటే పైపైన చిలకరించడం కాదు. రెండున్నర రోజులు. మెట్ల కింద, డ్రమ్ము వెనకాల, మోకాలు దాకా నీళ్లు. చీకటి. చూసేసరికి డబ్బా పక్కకి ఒరిగి ఉంది. బయటికి తీస్తే లోపల నీళ్లు గలగలమంటున్నాయి. ఒక వాసన, గోళ్లరంగు సీసా మూత తీస్తే వస్తుందే, తియ్యగా, అదీ. అడుగు మూత విప్పి, పదకొండు స్క్రూలు, ఒక్కోటీ తుడిచి పేపరు మీద వరసగా పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టి ఆరబెడితే..." ఒక్క క్షణం ఆగాడు. ఏదో దాటి వచ్చేశానని అప్పుడే తెలిసినవాడిలాగా గబుక్కున గొంతు పెంచాడు. "వెలిగింది! వెలగడమంటే అలాంటిలాంటి వెలగడమా? ల్యాబులో వెయ్యి దీపాలు ఒక్కసారి భగ్గుమన్నాయి!"

టీకొట్టు పెద్దమ్మ పకపకా నవ్వింది. పార్సిల్ పిల్లకి నవ్వు రాలేదు. చెప్పులో చిన్న రాయి దూరినట్టుగా ఏదో గుచ్చుకుంది.

పది కిలోమీటర్లు. పది మంది ఇంజనీర్లు. పదో అంతస్తు. వంద గంటలు. వెయ్యి దీపాలు. మావయ్య లెక్కలన్నీ ఎప్పుడూ సున్నాతోనే ముగుస్తాయి, ఆమెకి తెలుసు. నిరుడు తన బండికి గంటకి తొంభై కిలోమీటర్ల వేగం, అంతకుముందు ఏడాది రెండు వందల కుక్కలు. కోత కోసేవాడికి గుండ్రటి అంకెలు చాలు, చేతికందినన్ని సున్నాలు. మరి పదకొండెందుకు? రెండున్నరెందుకు?

ఫోను తీసి చెల్లెలి నెంబరు నొక్కింది. స్విచాఫ్. తెలిసిందే. అయినా మళ్లీ నొక్కింది.

"అక్కడితో అయిపోయిందనుకున్నావా?" మావయ్య లేచి నిలబడ్డాడు. "నిప్పు! కొలిమిలో పెట్టారు. నూరు డిగ్రీలు, అయిదొందల డిగ్రీలు, వెయ్యి డిగ్రీలు. కొలిమి ఎర్రబడింది, గోడలు ఎర్రబడ్డాయి, ఇంజనీర్ల కళ్లద్దాలు కరిగి ముక్కుల మీదకి కారాయి. తలుపు తీసి చూస్తే ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యాటరీ మీద మంచు! చల్లగా, చేత్తో తడిమితే వేళ్లు జివ్వుమన్నాయి."

"మాకో నాలుగు పంపించు, పాలు పాడవకుండా పెట్టుకుంటా" అంది పెద్దమ్మ.

డబ్బా అడుగు. ఆదివారం సైకిలుకి తగిలించేటప్పుడు తిరగేసి చూసింది కదా. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది కూడా. చిల్లులు పన్నెండు. పదకొండింట్లో స్క్రూలు. పన్నెండోదాన్ని నల్లటి మైనంతో పూడ్చారు. కంపెనీవాళ్లే అలా చేస్తారేమో అనుకుని వదిలేసింది.

తాగని టీ గ్లాసుని బల్ల మీద పెట్టేసింది.

"అప్పుడొచ్చాడు పెద్ద ఇంజనీరు! తెల్లగడ్డం, కళ్లలో నీళ్లు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇలాంటి బ్యాటరీని చూడలేదండీ అని నా రెండు చేతులూ పట్టుకుని, మామూలు ముద్ర దీనికి చాలదని, తన సొంత చొక్కాజేబులోంచి వెండిరంగు స్టిక్కరు తీసి..."

"మావయ్యా, పదకొండు స్క్రూలు అన్నావు."

"అన్నాను. అయితే?"

"పన్నెండోది ఏమైంది?"

"అదా, అది తుప్పుపట్టి తిప్పుతుంటే తల తెగి..." మావయ్య నాలిక కరుచుకున్నాడు.

మెకానిక్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"ల్యాబులో తెగిందా? మీ ఇంటి మెట్ల కింద తెగిందా?"

"కోడలా, అది కథ..."

"పదో అంతస్తు కథ. కొలిమి కథ. నాకు తెలుసు. నీళ్లు కూడా కథేనా? ఒక్క మాట చెప్పు. ఆ బ్యాటరీ ఇప్పుడు నా ఇంట్లో చార్జింగులో ఉంది. రెండు గంటలా యాభై నిమిషాలైంది. తలుపు దగ్గరుంది. లోపల చెల్లి పడుకుంది. అబద్ధమైతే అబద్ధమని చెప్పు, నీ కాళ్లకి దండం పెడతా."

జన్మలో తన మాట అబద్ధమని ఒప్పుకోని మనిషి ఇవాళ ఒప్పుకోగలిగితే బాగుండుననే చూశాడు అందరివైపూ. ఆ అదృష్టం లేదు.

"నీళ్లు మాత్రం నిజం" అన్నాడు. "మొన్నటి వానలకి మునిగింది. ఆరిపోయింది కదా అనుకున్నా. వెలిగింది కదా అనుకున్నా."

"స్టిక్కరు?" అన్నాడు మెకానిక్.

"నా పాత బ్యాటరీది. వేడినీళ్లతో ఊడదీసి అంటించా. చార్జరూ పాతదాందే."

"నీళ్లలో మునిగింది చార్జి పెట్టడమేంటి మావయ్యా! ముట్టుకోవడానికే భయపడాలి దాన్ని!" మెకానిక్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు, ఫైరింజనుకి.

టైము మూడూ ముప్పై. ఇల్లు కిలోమీటరున్నర. పరుగెత్తితే తొమ్మిది నిమిషాలు. తన సైకిలుకి చక్రం లేదు. పార్సిల్ పిల్ల రోడ్డు మీదకి దూకింది.

"ఎక్కు!" మావయ్య తన ఎలక్ట్రిక్ బండి తెచ్చి పక్కనే ఆపాడు. ఎక్కింది. వెనక నుంచి మెకానిక్ అరుస్తున్నాడు: "ముందు కింద మెయిన్ స్విచ్ ఆపండి! మనిషిని బయటికి లాగండి! దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు!"

బండి మలుపు తిరిగింది. గాలికి ఆమె చున్నీ టపటపా కొట్టుకుంటోంది. పాలకొట్టు దాటింది, స్కూలు గోడ దాటింది. ఆమెకి బండి నిలబడిపోయినట్టే ఉంది.

"ఇంకొంచెం వేగం మావయ్యా!"

"ఇంతే."

"తొంభై వెళ్తుందన్నావు కదా!"

"ఇరవై అయిదు. అది దాటగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది."

"మరి తొంభై?"

"ఎప్పుడూ వెళ్లలేదు" అన్నాడు మావయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. మెడ మీద చెమట కారుతోంది.

కిలోమీటరున్నర, గంటకి ఇరవై అయిదు. మూడు నిమిషాలా ముప్పై ఆరు సెకన్లు. ఆమె మనసు ఆ లెక్క చేసేసింది, వద్దన్నా. ఒక్కో సెకనూ పైకే లెక్కపెట్టింది. నూట ఎనభై దగ్గర లెక్క తప్పింది. పుట్టాక మొదటిసారి.

ఇంటి ముందు బండి పూర్తిగా ఆగకముందే దిగింది. "మెట్ల పక్కన మీటరు పెట్టె, ఎర్ర మీట!" అని అరిచి పైకి పరుగెత్తింది. ముప్పై నాలుగు మెట్లు. ఇరవయ్యో మెట్టు దగ్గరే వాసన తగిలింది. గోళ్లరంగు సీసా మూత తీసినట్టు, తియ్యగా.

తలుపు తోసింది. కింద మావయ్య మీట లాగినట్టున్నాడు, ఫ్యాను తిరగడం ఆగిపోతోంది. తలుపు పక్కన నల్ల డబ్బా పొట్ట ఉబ్బి ఒక వైపుకి ఒరిగి ఉంది. కెటిల్లో నీళ్లు మరగబోయేముందు వచ్చే చప్పుడులాంటిది లోపల్నుంచి వస్తోంది. స్టిక్కరు మాత్రం నిగనిగలాడుతోంది. గోడకి వీపు ఆనించి, జానెడు దూరంలో దాన్ని దాటి, మంచం దగ్గరికెళ్లి చెల్లెలి భుజం పట్టి లాగింది.

"అయిదైందా?" అంది చెల్లెలు, కళ్లు తెరవకుండా.

"మూడూ ముప్పై ఆరు. లే! అడక్కు, లే!"

చెల్లెలు కళ్లు తెరిచి అక్క ముఖం చూసింది. మంచం దిగింది. ఇద్దరూ గోడని రాసుకుంటూ బయటపడ్డారు. తలుపు లాగేసి మెట్లన్నీ ఎలా దిగారో తెలీదు. ఆఖరి మెట్టు మీద ఉండగా పైన టప్ అని పేలింది. ఇంకోటి. తర్వాత టపటపమంటూ వరసగా. రెండో అంతస్తు కిటికీ లోంచి బూడిదరంగు పొగ బయటికి దూకింది.

వీధి నడుమ నడుం వంచి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది పార్సిల్ పిల్ల. చెల్లెలు వట్టి కాళ్లతో, చెవుల్లో దూదితో, పక్కనే నిలబడి అక్క చెయ్యి వదలకుండా పట్టుకుంది. కిందింటి ముసలమ్మని మావయ్యే చెయ్యిపట్టుకుని ఇవతలికి తెచ్చాడు.

ఫైరింజను వచ్చి అరగంటలో మంట ఆర్పింది. తలుపు సగం కాలింది, చెప్పుల స్టాండు బూడిదైంది, గోడ నల్లబడింది. మనుషులకి గీత పడలేదు. అప్పటికి వీధి వీధంతా అక్కడే ఉంది. టీకొట్టు పెద్దమ్మ కూడా కొట్టు వదిలేసి వచ్చింది. మెగావాట్ మావయ్య మాటలు వినడానికి ఇంతమంది ఏనాడూ పోగవలేదు.

ఫైరాఫీసరు అట్టకి కాగితం తగిలించుకుని నిలబడ్డాడు. "బ్యాటరీ ఎవరు ఇచ్చారు?"

"నేనే" అన్నాడు మావయ్య. కుడిచెయ్యి గాల్లో గ్లాసుకోసం వెతికినట్టు కదిలి, కిందికి వాలింది.

"ముందు ఏమైనా దెబ్బతిందా?"

"నీళ్లలో మునిగింది. రెండున్నర రోజులు. మోకాలు దాకా నీళ్లు. నేనే విప్పాను. పదకొండు స్క్రూలు వచ్చాయి, పన్నెండోది తెగింది, మైనంతో పూడ్చాను. ముద్ర దానిది కాదు, నా పాత బ్యాటరీది. చార్జరూ దానిది కాదు. ఈ పిల్లకి వజ్రమని చెప్పాను."

ఆఫీసరు రాయడం ఆపి తలెత్తాడు. "నిజంగా ఇన్ని స్క్రూలూ లెక్కపెట్టారా? ఇది సంతకం పెట్టాల్సిన కాగితం."

మావయ్య పార్సిల్ పిల్ల వైపు చూశాడు. ఆమె మొహాన మసి, కళ్లలో ఇంకా కోపం. అయినా తల ఊపింది. "పదకొండే. నేనూ లెక్కపెట్టాను."

ఆఫీసరు రాసుకున్నాడు. మావయ్య అడిగిన చోటల్లా సంతకం పెట్టాడు. జనంలో వెనకగా, కథ సగం నుంచి వినడం మొదలుపెట్టినవాడెవరో మెడ చాచి అడిగాడు:

"ఆ తర్వాత ఏమైంది?"

టీకొట్టు పెద్దమ్మ మావయ్య నోటివైపు చూసింది. మెకానిక్కూ చూశాడు. ఇంత జనం, ఇంత పొగ, పక్కనే ఎర్రటి ఫైరింజను.

"ఏం కాలేదు బాబూ" అన్నాడు మావయ్య. "ఆ అమ్మాయి నిద్ర లేచింది. అంతే."